సెట్ల వినిపించిన పన్నెండో నంబరు

గిట్ల కూసో బిడ్డా, ఫోను పక్కన పెట్టి సక్కగ విని రాయి. నడుమ అడుగుతే నాకు తోవ తప్పుతది.

గోదావరిఖని కాడ ఓపెన్ కాస్టు బొగ్గు గనిల నాది సెట్టు కాడ డ్యూటీ. సెట్టంటే వాకీటాకీ. దానికో మర్యాద ఉంటది. ముందుగాల ఎవలన్న మాట్లాడుతున్నరా అని వినాలె. బటన్ ఒత్తి, ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు మాట. అయినంక ఓవర్ అని బటన్ ఇడవాలె. ఇడవకుంటే నీకు ఎవలి మాట రాదు, మందికి నీ మాట తప్ప ఇంకోటి రాదు. పేర్లు వద్దు, బండి నంబరే. ఇంటి ముచ్చట్లు అసలే వద్దు. మీ తాత నడిపేది బొగ్గు మోసే పెద్ద బండి, పన్నెండో నంబరు డంపర్. పెనిమిటి పేరు నోట పలకనిదాన్ని, నాకు ఆ కాయిదా మంచిగనే కుదిరింది.

ఓనాడు ఎండకాలం పగటిపూట. కిటికీలకెళ్లి చూస్తే మట్టి గుట్టలన్నీ నీళ్లల్ల తేలుతున్నట్టు ఆడుతున్నయి. బ్లాస్టింగ్ టైమైతున్నది. బండ్లన్నీ దూరం పోయినట్టు ఎవల నంబరు వాళ్లు చెప్తేనే సైరన్ కొడతరు. పన్నెండు తప్ప అందరు చెప్పిన్రు. పన్నెండును పిలుద్దామని బటన్ మీద వేలు పెట్టిన్నో లేదో, సెట్లకెళ్లి సన్నగ కూనిరాగం. మీ నాయన ఉయ్యాలల ఉన్నప్పుడు మీ తాత తీసిన రాగం. మళ్ల ఎన్నడు ఇంట్ల వినలే. సెట్టు తొడ కింద పడి బటన్ ఒత్తుకున్నట్టుంది, ఆయనకు ఎరుకనే లేదు. ఎంత పిలిచినా వినపడది. పేల్చే మందు పెట్టిన జాగ పక్కనుంచే ఆయన తోవ.

బ్లాస్టింగ్ చేసే తమ్ముడు ఫోన్ చేసిండు.

"అక్కా, బావ కచేరీ ఖతమైతదా? పన్నెండు చెప్పకుంటే నేను సైరన్ కొట్ట."

నాకు నవ్వు రాలే. చెవి సెట్టుకు ఆనిచ్చిన. రాగం ఎనక టపటప వాన చప్పుడు. గంత ఎండల వానేంది? బొగ్గు పోసే బంకర్ కాడ దుమ్ము లేవకుంట నీళ్లు చల్లుతరు గదా, అవి బండి అద్దం మీద పడుతున్నయి.

"బంకర్ కాడ ఉన్నట్టుండు తమ్మీ. అయినా ఆయన నోట వచ్చేదాక కొట్టకు" అన్న.

జీపు పంపిన్రు. అది పొయ్యేదాక మిషన్లు ఆగి, గని గనంత ఆ రాగమే వింటున్నది. నాకైతే నా మంచం పక్కన పాడుతున్నట్టే ఉండె. రాగం టక్కున తెగింది.

"పన్నెండు, బంకర్ కాడ ఉన్న. ఓవర్."

ఎన్నో మాటలు అందామనుకున్న. అందరు వింటరు గదా.

"పన్నెండు, విన్న. ఓవర్."

సైరన్ మోగింది. పొద్దుగూకినంక ఇంటికొచ్చి బూట్లు ఇప్పుకుంట, తల ఎత్తకుంట అడిగిండు మీ తాత, "అందరు విన్నరా?" అని. నేనేమన్ననంటే, అందరు విన్నరు గని, నాకొక్కదానికి మళ్ల ఒక్కసారి... ఏందమ్మా కోడలా? అన్నం పెట్టినవా? వస్తున్న, ఈ ఒక్క ముచ్చట చెప్పి...