పచ్చ రంగు పూసిన లేతు

నాయన పోయాక ధర్మవరంలో మా షెడ్డులో ఆయన లేతు మిషను మిగిలింది. ఇనుప కడ్డీలను చెక్కే ఆ మిషనును నడపడం నాకు రాదు. మంచి ధర పలకాలని దానికి పిడితో సహా పచ్చ రంగు పూసి, మర్నాడే కొనేవాణ్ణి పిలవడానికి హిందూపురం రైలెక్కాను. బొగ్గు రైళ్ల కాలమది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా గోళ్లకేసి చూశాడు.

"ఏమప్పా, దేనికి పూసినావు రంగు?"

గొప్పగా చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"లేతుకా! పెండ్లికూతురనుకున్యావా? రంగు చూస్తే యాడో పగులు దాచినారనుకుంటారు. ఆరకముందే కిరసనాయిలుతో తుడిచెయ్యప్పా. కొనేవాడు మీ నాయన చెయ్యి పడి అరిగిన చోటే చూస్తాడు."

పెనుకొండలో ఆయన దిగిపోయాడు. రైలు కదిలాక కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడి, గుడ్డతో తుడుస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు. పెట్టెలో వాళ్లంతా నాకు వీడ్కోలు చెబుతున్నాడనుకున్నారు.

హిందూపురంలో కొనేవాణ్ణి మూడో రోజు రమ్మని చెప్పి, ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తుడవడం మొదలుపెట్టాను.

అన్నట్టే వచ్చాడతను. తిన్నగా పిడి పట్టుకుని, అరిగిన గుంటలో బొటనవేలు పెట్టబోయాడు. కుదరలేదు. చెయ్యి మార్చి పట్టుకున్నాడు.

"మీ నాయనది ఎడంచేతి వాటమా?" అన్నాడు.

అవునన్నాను. అతను చెప్పిన ధర నేను అడగాలనుకున్నదానికన్నా ఎక్కువే.

ఇప్పటికీ పెనుకొండలో రైలు ఆగితే, ఎవరూ చూడకుండా కిటికీ కడ్డీని ఒకసారి తుడుస్తాను.