రాజీ టీ

రాయచూరు నుంచి అక్క ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగేది నా ఒంట్లో ఎలా ఉందని కాదు. "ఏమే, కాలవకి నీళ్లొదిలారా?" అంటుంది. ఆమెకిప్పుడు సెంటు పొలం లేదు. ఉన్నదల్లా ఒక ఇరుకు గది, గ్యాసు పొయ్యి, పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడని కిటికీ. అయినా తుంగభద్ర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిస్తే గానీ ఆమెకి అన్నం సయించదు. నేను సింధనూరులో ఉంటాను కాబట్టి చెప్పాల్సింది నేనే. "వచ్చాయక్కా, మీ తూము దాకా వచ్చాయట" అంటాను. అవతల కాసేపు మాట వినపడదు. ఆ కాసేపూ ఆమె తుర్విహాళ దగ్గరి క్యాంపులో, తన వంటింటి కిటికీ ముందు నిలబడి ఉంటుందని నాకు తెలుసు.

క్యాంపు అంటే తెలియనివాళ్లు మిలిటరీ అనుకుంటారు. అదేం కాదు. కాలవ వచ్చిన కొత్తల్లో కోస్తా జిల్లాల నుంచి మా తాతలు ఇక్కడికొచ్చి, నల్లరేగడి కొని, పొలాల మధ్యే గుడిసెలు వేసుకున్నారు. గుడిసెలు డాబాలయ్యాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మేం పుట్టింది జవళగేర పక్క క్యాంపులో. అక్కని ఇచ్చింది తుర్విహాళ పక్క క్యాంపుకి. రెండు చోట్లా ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, పెద్దవాళ్ల నోట ఒకటే మాట: "మనం బయటినుంచి వచ్చినవాళ్లం. మన గొడవలు ఇక్కడోళ్ల చెవిన పడకూడదు." చిన్నప్పుడు ఈ మాట వింటే మాకు గొప్పగా ఉండేది. మనదంతా ఒక ఇల్లే అనిపించేది.

బావ మంచి సేద్యగాడు. అందులో వంక పెట్టడానికి లేదు. అక్క పెళ్లయిన రెండేళ్లకి డాబా వేశాడు. గోడలు లేస్తున్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం వాటిని తడిపింది అక్కే. తాపీమేస్త్రీ వంటింటి కిటికీ వీధి వైపు పెడతానంటే, కాదు, పొలం వైపు పెట్టమని పోట్లాడి పెట్టించుకుంది. పెరట్లో కరివేపాకు మొక్క నాటింది. వెనక వాకిట్లో మూడు మెట్లు కట్టించుకుంది, కూర్చుని బియ్యం ఏరుకోవడానికట. బియ్యం ఏరగా నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ మెట్ల మీద మేం తాగిన టీలకి లెక్కలేదు.

నీళ్ల వంతు వచ్చిందంటే బావ పొలంలోనే ఉండేవాడు. ఎగువ పొలాలవాళ్లు తూము మూసేస్తారేమోనని కదిలేవాడు కాదు, క్యారేజీ కూడా అక్కడికే వెళ్లేది. ఆ రోజుల కోసం నేను కాచుకుని కూర్చునేదాన్ని. బస్సెక్కి వాలిపోయేదాన్ని. అక్క సింధనూరు సంతలో కొనుక్కున్న నీలంపూల కప్పులు రెండు తీసేది. అల్లం దంచేది. పాట ఎత్తుకునేది, గొంతు చాలా పెద్దది, స్వరం మాత్రం దేవుడే కాపాడాలి. గిన్నెలు ధడేల్మని పడేసేది. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో గిన్నె చప్పుడయ్యేది కాదు. మోటారు సైకిలు శబ్దం మలుపు దగ్గర వినపడగానే అక్క మాట సగంలో ఆగిపోయేది, చేతిలోది కింద పెట్టేసేది. ఎందుకని అడగాల్సిన పని ఎవరికీ లేదు. ఆమె చెంపలు, దవడలు, మోచేతులు చెబుతూనే ఉండేవి.

క్యాంపులో అందరికీ తెలుసు. తెలిసినప్పుడు ఏం చేయాలో కూడా మా వాళ్లకి ఒక పద్ధతి ఉంది. రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుంటారు. మొగుడికి నాలుగు చీవాట్లు పెడతారు. అతను తల వంచుకుని "ఇంకెప్పుడూ చెయ్యి చేసుకోను" అంటాడు. అప్పుడు దెబ్బలు తిన్న మనిషి ఇంటికి వెళ్లి అందరికీ టీ కాచి పట్టుకురావాలి. మొదటి గ్లాసు మొగుడికి ఇవ్వాలి. దాన్నే రాజీ టీ అంటారు. ఆ టీ తాగేశాక ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే మాట తప్పినట్టు, అదీ ఆడమనిషే తప్పినట్టు. నాన్న కూడా ఆ గ్లాసు అందుకుని తాగి, కండువాతో మూతి తుడుచుకుని, చివరి బస్సుకి వచ్చేసేవాడు. "పిల్లలు పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి" అని అమ్మకి చెప్పేవాడు. పిల్లలూ పుట్టలేదు, ఏవీ సర్దుకోనూ లేదు.

ఒకసారి అక్క కింది పెదవి చిట్లి వాచి ఉంది. ట్రే పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగుతోంది. వాళ్లలో అందరికంటే పెద్దాయన, మేం పెదనాన్నా అని పిలిచే ఆయన, ఒక గుక్క తాగి "అల్లం బాగా పడిందమ్మాయ్" అన్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అక్క పెళ్లిలో పందిరి గుంజలు మోసినవాళ్లే. కానీ ఎదురుగా ఉన్న పెదవిని చూడకుండా గ్లాసులోని అల్లాన్ని చూడగలిగారు.

చివరికి అక్క మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చిన రెండో రోజే మళ్లీ అరుగు మీద కూర్చున్నారు, బావ మళ్లీ ఆ మాటే అన్నాడు. టీ పెట్టమన్నారు. అక్క ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించింది. పాలు కాగాయి. ఆ పెద్ద గిన్నె ఒంటి చేత్తో దించబోతే లేవలేదు. ఎవర్నైనా సాయం పిలుద్దామా అనుకుందట. "వీళ్లకి టీ ఇవ్వడానికి సాయం పిలవాలా నేను" అనిపించిందట. పొయ్యి ఆర్పేసి, వెనక మెట్లు దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిచి, రోడ్డెక్కి, బస్సులో నా దగ్గరికి వచ్చింది. అరుగు మీదవాళ్లు టీ కోసం ఎంతసేపు ఎదురు చూశారో నాకు తెలీదు.

బావ సింధనూరు వచ్చి మా వీధిలో రెండుసార్లు రభస చేశాక, వకీలు సలహా మీద ఆమెని రాయచూరులో ఉంచాం. ఇంటావిడ తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగావిడ. మొదటివారం ఆమె నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"ఏందమ్మా మీ అక్క, గిన్నెలు సప్పుడు గాకుండ తోముతది? ఇంట్ల మనిషున్నదో లేదో తెల్వకుంట ఉంది నాకు."

నేను సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే కిందకి దిగి, అక్క గది గుమ్మం దగ్గర నిలబడి, "ఇగో చూడమ్మా, మా ఇంట్ల గిన్నెలు కింద పడేయొచ్చు. ఎవ్వరేమనరు. గిట్ల భయపడకు" అంది. అక్క నవ్వింది. అయినా వీధిలో మోటారు సైకిలు ఆగితే ఇప్పటికీ ఆమె చేయి గాల్లోనే ఆగిపోతుంది. బట్టల కొట్టులో పని చేస్తోంది, కన్నడంలో, ఉర్దూలో బేరాలాడుతోంది, అంతా బాగానే ఉంది. ఆ చేయి మాత్రం ఆగుతుంది.

గృహహింసకి చట్టం లేదని నేననను. ఉంది. మేం కోర్టుకెక్కింది దాన్ని పట్టుకునే. వాయిదాల మీద వాయిదాలు పడి, జడ్జీలు మారి, చివరికి ఉత్తర్వు వచ్చింది: ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది, ఆమెని వెళ్లగొట్టకూడదు, ఆమె మీద చెయ్యెత్తకూడదు. వినగానే అక్క ఏడ్చింది. తన కిటికీ తనకి వచ్చేసిందనుకుంది. బయటికి వచ్చాకే నాకు వెలిగింది. "మరి బావో?" అని వకీల్ని అడిగాను. బావ కూడా అక్కడే ఉంటాడట.

ఆ ఇంటికి మేం వెళ్లింది కాలవ నిండుగా పారే రోజుల్లోనే. స్త్రీ సంక్షేమం వాళ్ల ఆఫీసరమ్మ జీపులో వచ్చింది, వెంట ఒక కానిస్టేబుల్. పాపం ఆమెకి అదొక్కటే ఉద్యోగం కాదు, ఇంకా రెండు పనులు నెత్తి మీద ఉన్నాయని దారిలోనే చెప్పింది. వాకిట్లో నిలబడి ఉత్తర్వు కన్నడంలో చదివింది. బావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ విన్నాడు. "ఏనరె ఆదర ఫోన్ మాడ్రి" అని ఆమె అక్క భుజం తట్టింది. ఏదన్నా అయితే ఫోన్ చేయాలట. ఆ ఇంట్లో సిగ్నల్ రావాలంటే మేడెక్కి చెయ్యెత్తి నిలబడాలి. మేడ మెట్లు ఉన్నది బావ పడుకునే గది పక్కన. జీపు వెళ్లిపోయింది.

దుమ్ము అణగకముందే పెద్దలు వచ్చేశారు. ఈసారి అరుగు దాకా కూడా వెళ్లలేదు, ఆ ఇంటి వరండాలోనే కూర్చున్నారు. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మాయ్, కోర్టు కాయితం తెచ్చుకున్నావ్, బానే ఉంది. అయినా మనలో మనకి కోర్టులేంటి? అతను ఇంకేం అనడు, నేను చెప్తన్నాగా. ఎల్లి అందరికీ టీ పెట్టు తల్లీ, అయిపోద్ది."

అక్క లోపలికి వెళ్లింది. ఈసారీ రాజీ టీయేనా అనుకున్నాను. లోపల అల్లం దంచిన చప్పుడు వినపడింది, గట్టిగానే. గిన్నె ఒకటి పొయ్యి మీద ధడేల్మంది. కాసేపటికి నన్ను పిలిచింది. వెళ్లి చూస్తే చేతుల్లో నీలంపూల కప్పులు రెండే ఉన్నాయి. ఒకటి నాకిచ్చి వెనక మెట్ల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కరివేపాకు మొక్క డాబా ఎత్తు పెరిగింది. దాని అవతల మడులన్నీ నీళ్లు. అక్క టీ చాలా నెమ్మదిగా తాగింది. వరండాలో కుర్చీలు జరిగాయి, ఎవరో దగ్గారు, ఎవరో గొణిగారు, ఒక్కొక్కరే లేచి వెళ్లారు. చివరికి మిగిలింది తాళాల చప్పుడు. అది విని అక్క చేయి ఆగింది.

ఆమె ఆ రాత్రి అక్కడ ఉండలేదు. ఎవరు ఉండమంటారు? కొట్టినవాడు కుర్చీలో కూర్చుని ఉంటే, దెబ్బలు తిన్న మనిషి సంచీ పట్టుకుని బస్సెక్కడం చట్టం ఉండగానే జరిగింది. కొట్టినవాణ్ణి బయటికి పంపాలి. ఇల్లు తడిపి నిలబెట్టిన మనిషిని లోపల ఉండనివ్వాలి. అలా పంపమని ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకి ఉందట, ఇవ్వొచ్చు ఇవ్వకపోవచ్చునట. ఆ ఇవ్వకపోవచ్చు అనేదే ఉండకూడదని నేనంటాను. ప్రతి తాలూకాకీ ఇదొక్కటే పనిగా ఉన్న ఆఫీసరు ఉండాలి, జీపు వెళ్లిపోయాక మళ్లీ వచ్చి చూసే మనిషి ఉండాలి. బావని బయటికి పంపమని ఇంకో అర్జీ వేశాం. వాయిదాల్లో ఉంది.

అక్క వెళ్లేముందు కప్పులు రెండూ కడిగింది. తుడిచి, కిటికీ పక్క అలమరలో, వెనక వరసలో బోర్లించింది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనుండబట్టలేక అడిగాను.

"ఆ కప్పులు తెచ్చేసుకోవాల్సింది కదక్కా. అంత ఇష్టం కదా నీకు."

ఆమె కాలవ వైపు చూస్తోంది. నా వైపు తిరగనే లేదు.

"తెచ్చేసుకుంటే ఎట్టాగే? తిరిగొచ్చాక మనం దేంట్లో తాగుతాం?"