ఎడం వదులు

2002. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్త. భిలాయిలో మా సెక్టార్ క్వార్టర్ వరండాలో సాయంత్రాలు డ్రాయింగ్ చెప్పేదాన్ని. కంపోజిషన్ అంటే కాగితం మీద దేన్ని ఎక్కడ పెట్టాలి, ఎంత చోటు వదలాలి అన్న ఆలోచన. దాన్ని నేను చెట్లతోనే నేర్పేదాన్ని. మా రోడ్డుకి రెండు వైపులా గుల్‌మొహర్లే. కదలవు, విసుక్కోవు, బొమ్మలు నేర్చుకునేవాళ్లకి ఇంకేం కావాలి? ఆ వరండా తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడే తిరుగుతుంది.

క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీ నుంచి ఎస్తేరు అనే అమ్మాయి వచ్చేది. తండ్రికి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. మొదటిరోజే తేల్చి చెప్పేశాడు.

"ఒక్క ఛాన్సే అమ్మగారూ. ఆర్ట్ కాలేజీ పరీక్షలో సీటొచ్చిందా, సరే. నేదంటే నర్సింగులో చేర్పించేస్తాను."

పిల్ల తల వంచుకుని నిలబడింది.

ఎస్తేరు గీత చక్కనిది గాని కంపోజిషన్ సున్నా.

"ఏటే ఇది? చెట్లన్నీ రేషన్ షాపు క్యూలో నిలబడ్డాయా? వాటికి ఊపిరాడనీ. ఎడం వదులు!" అని కసిరాను.

మర్నాడు ఇంకో బొమ్మ తెచ్చింది. చెట్లన్నీ కుడివైపుకి నెట్టేసింది. ఎడమ సగం వట్టి తెల్ల కాగితం.

"మీరే కదా మేడమ్, ఎడం ఛోడ్నా హై అన్నారు?"

భిలాయిలోనే పుట్టిన పిల్ల, బడిలో హిందీ, ఇంట్లో నాలుగు తెలుగు ముక్కలు. ఎడం అంటే దానికి ఎడం చెయ్యే. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఖాళీని కూడా ఎడం అంటారని పాపం దానికెవరు చెప్పారు? కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాను. అది మూతి ముడుచుకుని బొమ్మ చింపబోయింది.

"ఆగవే!" అని చెయ్యి పట్టుకున్నాను. కొమ్మలన్నీ ఆ ఖాళీలోకే చాచుకుని ఉన్నాయి. చూపు దానంతటదే అటు పోతోంది.

"అటేముందే?"

"పప్పా డ్యూటీ నుంచి అటునుంచే వస్తారు మేడమ్."

"మరి ఆయన్ని వెయ్యలేదేం?"

"అభీ ఇంకా రాలేదు కదా."

పరీక్ష రోజు రానే వచ్చింది. రోడ్డు బొమ్మ వెయ్యమన్నారట. ఎస్తేరు మళ్లీ ఎడం వదిలేసి వేసింది. సీటొచ్చింది!

తండ్రీకూతుళ్లు మిఠాయి డబ్బాతో వచ్చారు. నా గోడకి అంటించిన ఆ పాత బొమ్మ దగ్గర ఆయన ఆగిపోయాడు.

"ఇక్కడంతా ఖాళీగా వదిలీసినావేటే?"

"అది నీ చోటు పప్పా."

ఆయన డబ్బా నా చేతికివ్వడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు.

ఖాళీ కూడా ఎవరికోసమో ఉంచినదైతేనే బొమ్మ నిలబడుతుందని నేను నేర్చుకున్నది ఎస్తేరు దగ్గరే. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లకీ "ఎడం వదులు" అనే చెప్పాను. ఏ ఎడమో మాత్రం చెప్పలేదు.