మస్తానన్న చూపించిన దారి

మొన్న సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మా క్యాంపు ముందు రోడ్డు పని కోసం టిప్పర్ నల్లకంకర కుమ్మరించి పోయింది. ఎండకు కాలిన ఆ రాళ్ళ మీద నాలుగు చినుకులు పడగానే వాసన లేచింది. మదీనా అవతల, అగ్నిపర్వతాలు కక్కిన నల్లరాళ్ళ ఎడారిలో, టూరిస్టుల క్యాంపులో నేను ఏసీ మెకానిక్‌గా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. అక్కడ జీపు నడిపిన కడప మస్తానన్న గుర్తొచ్చాడు.

ఆ ఎడారిలో కనుచూపు మేరా మాడిన రాయే. రోడ్డు లేదు, ఫోను పలకదు. బండి పట్టే సందులు మస్తానన్నకే తెలుసు. నేను చేరిన కొత్తలోనే నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. "టైర్లలో గాలి తియ్యబ్బీ. మెత్తగుంటే రాయి కొయ్యదు" అన్నాడు. "నేను ఏసీ పనోన్ని గదనే అన్నా, నాకెందుకు?" అన్నాను. "నాకు గుండెనొప్పొస్తే జీపును నీ ఏసీ తోల్తాదా?" అని నవ్వాడు. తెలిసింది దాచుకోవడం ఆయనకు చేతకాదు.

బయటిదేశం పనోళ్ళ కుటుంబాల మీద సర్కారు తలకింతని లెవీ వేసినప్పుడే మస్తానన్న భార్యనూ కూతురినీ ఇంటికి పంపేశాడు. కూతురి నర్సింగ్ చదువు పూర్తయ్యేదాకా తాను ఇక్కడే ఉండాలని ఆయన పట్టుదల. అంతలో, ఇంతమంది సౌదీలకు పని ఇవ్వాల్సిందేననే నితాఖాత్ లెక్కలో కంపెనీ ఎరుపులో పడబోతోందని, అలా పడితే వీసాలు ఆగిపోతాయని, జీపు మీద సౌదీ మనిషిని పెట్టాలన్నారు. కొత్తతనికి దారంతా నేర్పితే మస్తానన్నను వేరే కఫీల్‌కు, అంటే ఇంకో యజమాని కిందికి, ట్రాన్స్‌ఫర్ చేయిస్తానని మేనేజరు నోటిమాట ఇచ్చాడు.

"కాయిదం చేతికొచ్చేదాక సగం దాచుకో అన్నా" అని బతిమాలాను. "దారి దాచేదేందబ్బీ? ఆ మనిషి రాళ్ళల్లో ఇరుక్కుంటే బండి నిండా జనం నీళ్ళు లేక సస్తారు" అన్నాడు. ప్రతి మలుపూ దగ్గరుండి చూపించాడు. ఆ వచ్చినతను మంచివాడే, పాపం. మస్తానన్న వెళ్ళేటప్పుడు చేయి వదల్లేక ఏడ్చాడు.

అవును, వెళ్ళిపోయాడు. నేర్పడం ముగియగానే ఆఫీసుకు పిలిచి పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. ట్రాన్స్‌ఫర్ కాదు, దేశం వదిలి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్. "మేనేజర్ను అడుగుదాం పా అన్నా" అన్నాను. "ఏం మొగం చూసి అడిగేదబ్బీ? ఆ మొగం చూసే కదా నమ్మినా" అన్నాడు. కూతురు చదువు మానేసి మందుల షాపులో చేరిందని తర్వాత తెలిసింది. ఆ మేనేజరును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇప్పుడు నా దగ్గరికీ కొత్తవాళ్ళను పంపుతున్నారు, ఏసీ పని నేర్పమని. విప్పడం, కడగడం, బిగించడం అన్నీ చెప్తాను. గ్యాస్ నింపే సమయానికి మాత్రం ఏదో సామాను తెమ్మని బయటికి పంపిస్తాను. మస్తానన్న నాకు నేర్పింది ఇది కాదు. ఆయనకు వాళ్ళు చేసింది చూసి నేర్చుకున్నాను.