అక్క కుడితి తొట్టిలో నా కవర్లు

ఆత్మకూరులో నాకు కవర్ల అంగడి ఉంది. ప్లాస్టిక్ మానేయాలని అందరూ అంటున్న రోజుల్లో, మొక్కజొన్న పిండితో చేసిన కవర్లు తెప్పించాను. గిరాకీ కోసం అంగడి ముందే ఒక కవరును మరిగే నీళ్ళలో వేసి పుల్లతో తిప్పి చూపించేవాణ్ని. అది కరిగిపోయేది. "గొడ్డు తిన్నా అరిగిపోతాది" అనేవాణ్ని. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది, అన్నాను.

ఉదయగిరిలో ఒంటరిగా ఉండే మా అక్క నమ్మింది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు నేనిచ్చిన కవర్లలో కట్టి, కవరుతో సహా బర్రె కుడితి తొట్టిలో వేసేది. "మొక్కజొన్నలే కదరా, బలమే" అని ఫోన్లో నవ్వింది. నేనూ నవ్వాను. వద్దనలేదు. ఆ బర్రె పాలే తోడువేసి, పొద్దున బస్సులో డ్రైవరు చేతికిచ్చి నాకు పెరుగు పంపేది.

ఎండాకాలంలో బర్రె మేత మానేసి నాలుగో రోజు చచ్చిపోయింది. కబురు తెలిసి నేను ఉదయగిరి వెళ్ళాను. పశువుల డాక్టరు కడుపు కోస్తే కవర్ల ముద్ద బయటపడింది. మరిగే నీళ్ళు వేరు, బర్రె కడుపు వేరు.

"ఏందిరా, కరిగిపోతాయంటివే?" అన్నాడు అక్క పక్కింటి పెద్దాయన.

"నావి కాదు మామా. అక్క బజారు ప్లాస్టిక్ కవర్లు కలిపేసినట్టుండాది."

ముద్దలో నా కవర్ల మీది ఆకు బొమ్మ కనబడుతోంది. కాలితో దాని మీదికి మట్టి తోశాను. అక్క చూసింది.

"అవును, నేనే చూసుకోకుండా వేసినాను" అంది.

బర్రెకు ప్లాస్టిక్ మేపిందని వీధిలో ఆమెకు పేరు పడింది. నా కవర్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. పెరుగు మాత్రం రాలేదు, ఫోనూ రాలేదు. చాలా రోజులు ఆ బస్సు వేళకు స్టాండుకు వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ని.

మొన్న ఒక ఆదివారం అక్క వెళ్ళే చర్చిలో, సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. అక్క బజారు కవరు ఒక్కటి కూడా వేయలేదని, అన్నీ నావేనని, వేయమన్నంత పని చేసింది నేనేనని చెప్పాను. అక్క కొంగు తలమీదికి లాక్కుంది. వెనక్కి తిరగలేదు.

బయట చెప్పుల దగ్గర అంది: "ఆ పొద్దే చెప్పుంటే సరిపోయేది గదరా. సర్లే, అన్నం తిని పో."

ఇంట్లో వడ్డించి, తను గడపలో అటు తిరిగి కూర్చుంది. చివరి ముద్దలకు నేను ఆగడం తెలిసినట్టుంది.

"పెరుగు లేదు. చారు పోసుకో" అంది.