నిమ్మకాయలు తొక్కిన యుద్ధ విమానం

మొన్న నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. అనంతపురంలో విమానం బాగుచేసిన ట్రాక్టర్ మెకానిక్ నేనొక్కడినే.

ఇక్కడ ఒక కాలేజీ మ్యూజియం ముందర పాత యుద్ధ విమానం ఉండాది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో తయారైందంట. ఒక్కటే ఇంజను, ముక్కు మీద పెద్ద ఫ్యాను. దాన్ని కొత్త హాల్లోకి తోసి, మరుసటి రోజు రిబ్బన్ కటింగ్ చేయాలని పెట్టుకున్నారు. చక్రాలేమో ఏళ్ల తరబడి ఎండకూ దుమ్ముకూ బిగుసుకుపోయినాయి. మ్యూజియం సారు నా షెడ్డుకొచ్చి, "ఏమప్పా, నీ చేత అయితాదా?" అన్నాడు.

ఎందుకు కాదు? మూడు రోజులు బేరింగులు ఊడదీసి, కడిగి, గ్రీజు పెట్టినాను. నా ధైర్యం చూడండి, పని పూర్తికాకముందే షెడ్డు బోర్డు మీద "ఇచ్చట విమానాలు కూడా బాగుచేయబడును" అని రాయించేసినాను. ఇంక చక్రం తిరక్కపోతే బజార్లో తలెత్తుకోలేను.

మూడో రోజు సాయంత్రం తోసేదానికి పదిమంది స్టూడెంట్లు వచ్చినారు. నా చేతిలో బాగైన బండి ఏదైనా నిమ్మకాయ తొక్కందే షెడ్డు దాటదు. "సార్, చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెడతా" అన్నాను.

"ఇది మ్యూజియం వస్తువప్పా, కొత్త ట్రాక్టర్ కాదు."

"యుద్ధం నాటి బండికి దిష్టి ఉండదా సార్?"

సారు తల పట్టుకుని సరే అన్నాడు.

నిమ్మకాయలు నలగాలంటే గట్టిగా తోయాలని చెప్పింది నేనే. తోసినారు. ఫట్‌మని నలిగినాయి. విమానం కదిలింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. తుడుచుకుని చూస్తే అది ఇంకా పోతానే ఉండాది. హాల్లోకి కొంచెం వాలు.

"బ్రేకెయ్యప్పా!" అని సారు అరిచినాడు.

"బ్రేకులు యాడుండాయి సార్, మీరు చక్రాలే చేయమంటిరి."

పరిగెత్తి తోక పట్టుకున్నాను. నన్నూ ఈడ్చుకుపోయింది. రేపటి కోసం హాలు గుమ్మానికి కట్టిన రిబ్బన్ విప్పేలోగానే ఫ్యానుకు తగిలి తెగింది. లోపల అతిథుల కోసం పరిచిన కార్పెట్ చక్రాల కింద ముడుచుకుంటే, గోడకు జానెడు దూరంలో ఆగింది. విమానానికి ఒక్క గీత పడలేదు. గీతలన్నీ నా మోకాళ్లకే.

సారు విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు. తర్వాత చక్రాన్ని తడిమి చూసి, "బేరింగులు మాత్రం బాగా చేసినావప్పా" అన్నాడు. ఆ మాటతో నా మోకాళ్ల మంట సగం తగ్గింది.

మరుసటి రోజు కొత్త రిబ్బన్ కట్టి అతిథి చేత కట్ చేయించినారు. అసలు ఓపెనింగ్ నా విమానమే చేసేసిందని ఆయనకు తెలీదు. నేనూ చప్పట్లు కొట్టి, నేరుగా పెయింటర్ దగ్గరికి పోయినాను. ఇప్పుడు నా బోర్డు మీద ఇంకో లైను ఉండాది: "బ్రేకుల సంగతి ముందే చెప్పవలెను."