పరదాల టైలరు

పరదాల టైలరుకు ఎండంటే గిట్టదు. ఎండ తగిలితే గుడ్డ వెలిసిపోతుందని కిటికీ లేని నేలమాళిగలోనే కుట్టీ కుట్టీ జుట్టు నెరిసింది. ఇప్పుడు లేవాలంటే మిషను అంచు పట్టుకుని మోకాళ్లను బతిమాలుకోవాలి. విటమిన్ డి అడుగంటిందనీ, మాత్రలతోపాటు రోజూ కాసేపు ఎండలో కూర్చోవాలనీ డాక్టరు చెప్పాడు. భార్య డాబా మీద గుడ్డకుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆవిడ బట్టలు ఆరేసి వచ్చేసరికి కుర్చీతో సహా నీడలోకి జరిగి, నడుం పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

"ఎందుకు జరిగారు?"

"కుర్చీ గుడ్డ వెలిసిపోతుందే."

"సరే, దాన్ని నీడలోనే ఉంచండి. మీరు రండి."

పిట్టగోడ పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. అలవాటుగా చొక్కా చేతిని మడిచి, రంగు పోయిందేమోనని చూశాడు. చొక్కా బాగానే ఉంది. ఎండ ఎరగని చెయ్యి మాత్రం ఎప్పుడో వెలిసిపోయింది.